మునిరాజు ఫోన్లో ఆయమ్మ

నా టీ అంగడి పుంగనూరు నుంచి మదనపల్లెకు పోయే రోడ్డు మీద, మలుపులో ఉంది. టమోటా కోతల కాలంలో సాయంత్రమైతే చాలు, మండీ లారీలు అంగడి ముందర వరసగా ఆగుతాయి. డ్రైవర్లు టీ తాగి, రైతుకు ఫోన్ చేసి, చేను దారి అడిగి, బాక్సులు ఎత్తుకుని మదనపల్లె మార్కెట్టుకు పోతారు. పొద్దున్నే వేలం. రాత్రికి చేరని సరుకు వేలంలో ఉండదు.

ఆ పొద్దు మునిరాజు వచ్చి బెంచీ మీద కూర్చున్నప్పుడు అతని సరుకంతా చేను గట్టున బాక్సుల్లో ఉంది. కాపలాకు వాళ్లావిడ కృష్ణమ్మ ఉంది. చేని దగ్గర తన ఫోన్‌కు సిగ్నల్ రాదు కాబట్టి, లారీ డ్రైవర్ ఫోన్ కోసం మునిరాజు ఇక్కడికి వచ్చాడు. చాలా రోజులకు టమోటా ధర లేచింది. కాయ బాగా పండిపోయింది, పైన మబ్బు కూడా పట్టింది. ఆ రాత్రి లారీ ఎక్కకపోతే ఆ కోతంతా ఆవులకే.

ముందరే లారీలు ఆగి ఉన్నాయి కదా, పోయి అడగరాదా అని నాగేంద్ర అన్నాడు. నాగేంద్ర పక్క చేను రైతు, సరుకు నిన్ననే పంపేసి తీరిగ్గా ఉన్నాడు. మునిరాజు అతన్ని జాలిగా చూసి, జేబులోంచి కొత్త ఫోన్ తీసి బల్ల మీద పెట్టాడు. వెనక కెమెరా గూనిలా ఉబ్బి ఉండడంతో అది బల్ల మీద నిలవక అటూ ఇటూ ఊగింది.

"లారీ లారీకీ పోయి అడుక్కోడానికి ఇదేమన్నా పాతకాలమా నాగేంద్రా? డ్రైవర్ ఈ మలుపుకు వస్తానే ఫోన్ సేస్తాడు. మండీ ఆయప్పే నా నంబరు ఇచ్చినాడు. ఈ ఫోన్ ఉండేటప్పుడు నేను కదలాల్సిన పనే లేదు. హనీఫ్ భాయ్, ఒగ టీ, సక్కెర జాస్తి."

మూలన ఒక డ్రైవర్ బన్ను నంజుకుంటూ టీ తాగుతున్నాడు. తెలియని మొహం. ఫోన్ అంత మంచిదా అన్నా అని అడిగాడు. అడగకుండా ఉండాల్సింది.

"మంచిదా? అబద్ధం సెప్పనప్పా, మొదట్లో నన్ను ఏడిపించేసింది. మా మేనల్లుడు చేతన్ బెంగుళూరు నుంచి తెచ్చిచ్చినాడు, ఆ కంపెనీలో దీనికి పైన ఇంగొకటి లేదంట. డబ్బా తెరిస్తే చార్జర్ లేదు. పాటలు ఇనే వైరు దూర్సుకునే బొక్క లేదు. మెమరీ కార్డు పెట్టే తావు లేదు. వీపంతా అద్దం, జోబీలో పెడితే జారతాది, సేతిలో పెడితే జారతాది. సరే, రవ్వసేపు ఆపుదామని పక్కన బటన్ నొక్కితే అది ఆగదు, లోపలినుంచి ఒగాయమ్మ లేసి నేను మీకు ఏ విధంగా సహాయపడగలను అంటాది. ఆగమ్మా తల్లీ అంటే, ఆగడమంటే ఏమిటో సెప్పడం మొదలుపెడతాది. ఇంగొకడైతే బావిలో ఇసిరేసుంటాడు. నేను గమ్మున కూసోని, ఒగ సాయంత్రమంతా ఆయమ్మకు బుద్ధులు సెప్పినా. అంతే, దారికొచ్చేసింది."

ఇంతవరకు నమ్మొచ్చు. నేను కూడా నమ్మాను.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? వేలిముద్ర. మన సేతులు సూడండప్పా, టమోటా పసరు పట్టి నల్లగా ఉండాయా? బొటనవేలు పెడితే ఇది వేలే గాదంటాది. కడుక్కోనొచ్చి పెడితే తడి అంటాది. తుడుసుకోని పెడితే ఇంగొకసారి ప్రయత్నించండి అంటాది. మా ఆవు పక్కనే ఉండాది, పుంగనూరు ఆవు, పొట్టిది, కూసున్నోడి సేతికి సరిగ్గా మూతి అందుతాది. ఆవు మూతి గీతలు ఏ రెండింటికీ ఒగటిగా ఉండవంట గదా. పెట్టినా. తెరుసుకునింది. అప్పట్నుంచి మా ఆవే తెరస్తాది. కొన్నాళ్లకి నేను లేనప్పుడు గూడా తెరిసి మెసేజులు సూడ్డం మొదలుపెట్టింది."

"ఆవు సదవతాదా అన్నా?" అన్నాడు నాగేంద్ర.

"సదవదు. సూస్తాది. నువ్వు మాత్రం సదవతాండావా?"

బల్ల మీద ఫోన్ చప్పుడు లేకుండా వెలిగి, ఊగి, ఆరిపోయింది. మునిరాజు దాని వైపు చేయి కూడా చాపలేదు. ఎవుడో పనిలేనోడు, ఆయమ్మే సూసుకుంటాది అన్నాడు.

"ఇంగ ఫోటోల సంగతి. నేను తీసింది పచ్చికాయలు. ఫోటోలో ఎర్రటి పండ్లు. ఇదేందమ్మా అంటే, అందంగా సరిచేశాను అనింది. వద్దు తల్లీ, ఉండేది ఉన్నట్టు సూపీ అని ఎంత ఏడ్సినా ఆ బటన్ యాడుండాదో దొరకలే. మండీ ఆయప్ప ఆ ఫోటో సూసి, పండిపోయింది గదా యాల కోయలేదని తిట్టె. అప్పుడు నేనేం సేస్తి? ఆ ఫోటో పట్టుకోని సేనంతా తిరిగి ఒగో సెట్టుకీ సూపిస్తి. మీరు ఇట్లుండాల, ఎట్లుండారో సూసుకోండి అంటి. తెల్లారి సూస్తే సేనంతా ఎరుపు. సెట్లకు గూడా రోషం ఉంటాదప్పా, మనం అడగం గానీ."

"ఆ తర్వాత?" అన్నాడు మూలన ఉన్న డ్రైవర్. బన్ను అయిపోయింది, ఇంకో టీ అడిగాడు. మునిరాజు మాట్లాడే రోజు నాకు పాలు చాలవు.

"ఆ తర్వాత అప్‌డేట్ అని ఒగటొచ్చె. రేత్రి పడుకోని పొద్దున లేసే లోపల ఇల్లంతా సర్దేసినట్టుండాది. ఫోన్ సేసే బొమ్మ ఉండే తావ అంగడి పెట్టినారు. టార్చి ఉండే తావ వార్తలు. మా ఇంటామె నంబరు యాడికి పోయిందో, దాన్ని అడిగితే కృష్ణమ్మ అనే పేరుకు అర్థం సెప్తాది. నాకు ఒళ్లు మండింది. నేరుగా బెంగుళూరుకు పోయి ఆ కంపెనీవాండ్లనే అడగాలని బయల్దేరినా. కుప్పంలో రైలు పట్టుకోవాల. రైలు వచ్చిందో లేదో తెలీదు. హార్స్‌లీ హిల్స్ ఎక్కినా, కెమెరాను కుప్పం తట్టు తిప్పి దగ్గరికి లాగినా. స్టేషన్ కనపడె, గడియారం కనపడె, గార్డు పచ్చజెండా ఎత్తతాండాడు. అమ్మా, ఆపు అంటి. ఆయమ్మ ఆ స్టేషన్ మైకులో దూరి, మునిరాజుగారు వస్తాండారు, రైలు ఆగవలెను అని సెప్పె. నేను తీరిగ్గా బస్సులో పలమనేరు మీదుగా పోయి, వి.కోటలో దిగి దోసె తిని, కుప్పంలో ఎక్కినా. రైల్లో ఒగడు గూడా ఒగ మాట అనలే."

ఆ కొండకీ కుప్పానికీ నడుమ ఎన్ని గుట్టలున్నాయో చెప్పబోయి, మానుకుని టీ వడగట్టాను.

"కంపెనీలో పెద్ద హాలు. పెద్ద బల్ల. సుట్టూ పెద్దపెద్ద సదువులోళ్లు కూసోనుండారు, అందరి ముందరా ఇదే ఫోను, అందరి ఫోన్లూ ఊగతాండాయి. ఒగాయన కింద కాగితం మడిసి పెట్టుకున్నాడు. నేను అడిగినా, యాలప్పా ఈ గూని అని. కెమెరా మంచిదైతే గూని తప్పదు సార్ అన్నారు. అయితే బల్లకు బొక్క కొట్టండి, గూని దాన్లో దిగతాది అంటి. ఒగరి మొగాలు ఒగరు సూసుకున్నారు. ఇప్పుడు మీరు పోయి సూడండి, ఆ ఆఫీసులో బొక్క లేని బల్ల ఒగటి గూడా లేదు. ఇంగ చార్జర్ యాలియ్యలేదంటి. పర్యావరణం కోసం సార్ అన్నారు. నేను బాక్సులు లేకుండా టమోటాలు మీ కార్లో పోసి పంపిస్తా, పర్యావరణమని ఊరుకుంటారా అంటి. అందరికంటే పెద్దాయన లేసి, గోడకున్న తన చార్జర్ ఊడబెరికి నా సేతిలో పెట్టె. ఇదిగో, ఇదే."

జేబులోంచి తీసి చూపించాడు. అది నాదే. మొన్న అరగంటలో ఇస్తానని తీసుకుపోయాడు. ఆ పెద్దాయన నేనే అయ్యానని ఊరుకున్నాను.

ఫోన్ మళ్లీ వెలిగింది, ఊగింది, ఆరింది. మబ్బు ఇంకొంచెం కిందికి దిగింది. నాగేంద్ర ఒకసారి చూడన్నా అన్నాడు. వద్దంటే వద్దన్నాడు మునిరాజు.

"నీకు తెలీదు నాగేంద్రా. ఇంగ ఆయమ్మ నా మనిషి. ఊరూ పేరూ తెలీనోళ్లు ఫోన్ సేస్తే నా దాకా రానీదు. తనే ఎత్తి, ఏం పనో కనుక్కోని, అవసరం లేకపోతే పంపించేస్తాది. మొన్న ఢిల్లీ నుంచి ఎవురో పెద్దోళ్లు సేస్తే, మునిరాజుగారు కలుపు తీస్తాండారు, సాయంత్రం సెయ్యండి అని పెట్టేసింది. సాయంత్రం సేసినారు గూడా. ఇంగా సెప్పేదా? ఈ ఫోన్‌కి పైన ఉపగ్రహంతో లింకు ఉండాది. ఎండలకు మా నారు మాడిపోతాంటే, అమ్మా రవ్వంత నీడ కావాల అంటి. ఉపగ్రహాన్ని తెచ్చి సరిగ్గా మా సేను మీద నిలబెట్టింది. మధ్యానం పూట మా సేనికే నీడ, గట్టు దాటితే ఎండ. నీ సేను పక్కనే గదా, నువ్వు సూడలేదా?"

"నా తట్టు ఎండే ఉండాదన్నా," అన్నాడు నాగేంద్ర.

"సూసినారా, సాక్ష్యం."

అప్పుడే కృష్ణమ్మ చేని దారిన గబగబా వచ్చింది. తల మీద గోనెసంచి కప్పుకుంది, చేతులు మోచేతుల దాకా పసరుతో నల్లగా ఉన్నాయి. పొద్దున చీకటితో మొదలుపెట్టి కోసిన మనిషి. పక్కింటామెను బాక్సుల దగ్గర కూర్చోబెట్టి వచ్చానని, లారీ ఇంకా రాలేదా అని అడిగింది. ఫోన్ రాలేదు గదా అన్నాడు మునిరాజు. మరి ఈ నిలబడినవన్నీ ఏందని ఆమె రోడ్డు వైపు చూపించింది. ఆమె గొంతులో భయం ఉంది. మునిరాజు అటు చూడలేదు.

మూలన ఉన్న డ్రైవర్ గ్లాసు కింద పెట్టాడు. తన ఫోన్ తీసి ఒక నంబరు నొక్కి, అందరికీ వినబడేట్టు బల్ల మీద పెట్టాడు. దాని పక్కనే మునిరాజు ఫోన్ వెలిగి ఊగడం మొదలుపెట్టింది.

"సూడు, మళ్లీ ఎవుడో..." అన్నాడు మునిరాజు, అలవాటుగా.

డ్రైవర్ ఫోన్లోంచి ఒక ఆడగొంతు పలికింది. "నమస్కారం. మునిరాజు గారు ప్రస్తుతం అందుబాటులో లేరు. మీరు కాల్ చేసిన కారణం చెప్పండి."

"అమ్మా, నేను ఇక్బాల్, టమోటా లారీ," అన్నాడు డ్రైవర్. "ఆయన నా ఎదురుగానే కూసోనుండాడు. ఫోన్ ఎత్తమని రవ్వంత సెప్పు."

"మీ ఆసక్తికి ధన్యవాదాలు. ప్రస్తుతం వారికి లారీ అవసరం లేదు."

రెండు ఫోన్లూ ఆరిపోయాయి.

"మలుపులోకి వస్తానే సేసినా, ఇదే సెప్పింది," అన్నాడు ఇక్బాల్, కోపం లేకుండా. "మళ్లీ సేసినా, మళ్లీ ఇదే. ఇంట్లో ఆమె వద్దంటాంటే మనమేం సేస్తామని, పుంగనూరులో ఇంగొకాయన సరుకు ఎక్కించుకుందామనుకున్నా. పోదామని లేసేటప్పటికి నువ్వు ఆవు కథ మొదలుపెడితివి. కూసుండిపోయినా. నడమ రెండుసార్లు సేస్తే నీ ఫోనే ఊగె, ఆ మనిషివి నువ్వేనని అప్పుడు తెలిసె."

మునిరాజు లేచి, చార్జర్ నా బల్ల మీద పెట్టి, లారీకి చేని దారి చూపించడానికి నడిచాడు.

కృష్ణమ్మ కొంగు ముడిలోంచి తన పాత బటన్ల ఫోన్ తీసింది. దాని మీద అంకెలు అరిగిపోయాయి. ఇక్బాల్‌కు తన నంబరు చెప్పింది, అతను తన ఫోన్లో ఎక్కించుకున్నాడు.

"ఇంగ మీదట దీనికే సెయ్యప్పా," అంది. "దీంట్లో ఎవురూ ఉండరు. నేనే ఎత్తుతా."