బంటుకు ఒక గడా, రెండు గళ్లా

“అమ్మమ్మా, కొత్తగా చెస్ ఆడేటోళ్లు ఓపెనింగులు బట్టీ పట్టాల్నా, వద్దా? ఆదివారం నాకు పోటీ ఉంది.”

ఉండు బిడ్డా, ముందుగాల ఈ గోలీ ఏసుకోనీ. ఆ... మింగిన. ఫోన్ల రికార్డు పెట్టినవా? పెట్టు, మంచిదే. నేను మర్సిపోయినా అది మర్సిపోదు. ఈ నడుమ నాకు మస్తు బయమైతుంది. నిన్న పక్క ఫ్లాటామె పేరు నోటికి రాకపాయె. అర్ధగంట సేపు “అమ్మా, అమ్మా” అనుకుంటనే నెట్టుకొచ్చిన.

ఓపెనింగులంటే మొదటి ఎత్తులే గదా? నేను సుత బట్టీ పట్టిన, పన్నెండేండ్లప్పుడు. నిజాం రాజ్యం పోయిన పోలీస్ యాక్షన్ దినాలవి. మేం అప్పుడు గిట్ల ఈ యాప్రాల్ ఫ్లాట్ల యాడుంటిమి, బన్సీలాల్‌పేట్ల ఉంటుంటిమి. ఒకటే వాకిలి, నాలుగిండ్లు. పక్కింట్ల ఖాసిం చాచా. ముసల్మానులే గని ఇంట్ల సుత తెలుగే మాట్లాడేటోళ్లు. చాచా పుస్తకాలకు జిల్దు కట్టేటోడు, అదే, బైండింగు. దుకాణం కార్ఖానా అనే బస్తీల. కాయితాలు మడతలు పెట్టి ఇంటికి తెస్తే మా అమ్మ, చాచి, నేను సూదీదారంతోని కుట్టేటోళ్లం. అప్పట్ల అణాకు రెండు చాయిలు... కాదు, అణాకు ఒకటే. రెండనేది మా నాయిన చిన్నప్పటి ముచ్చట.

నా సదువంత గా కుట్టుడు కాడనే. ఐదో తరగతి తర్వాత బడి మొఖం చూడలే. కుట్టుకుంటనే సదివేదాన్ని. గని ఒక్క పుస్తకంలనే నాకు కొన్ని మడతలొస్తే చాచికి కొన్ని పోయేటియి. ఒక రాజకుమారి పెండ్లి అయ్యిందో కాలేదో నాకు ఇప్పటికీ తెల్వదు, చూడు.

గట్లనే ఒకసారి చదరంగం పుస్తకం వచ్చింది, ఇంగ్లీషుది. నాకు మొదటి మడత దొరికింది. ఇంగ్లీషు రాదు గని బొమ్మలున్నయి గదా, ఏ బంటు యాడికి పోవాల్నో. పది ఎత్తులు మనసుల పెట్టుకున్న. చాచాతోని ఆడితే చాయి సల్లారేలోపల ఓడిపోయేదాన్ని. ఈ పది ఎత్తులుంటే జెర సేపు నిలుస్తననుకున్న.

ఇగ ఇండియా మిలిట్రీ పట్నంలకు వస్తుందని తెలిసిన పొద్దు. కార్ఖానా దిక్కు తొవ్వ ఎట్లుందో ఎవరికీ ఎరుక లేదు. ఎవరు ఎవరిని చూసి ఏమనుకుంటరో తెల్వని దినాలు. చాచా వానకు ఛత్రీ పట్టుకొని లేసిండు. దుకాణం కప్పు కారుతుందట, మంది పుస్తకాలు తడుస్తయట, పోతనన్నడు. వాకిట్ల అందరి ముందల అన్నడు. చాచి పరదా ఎనక ఏడుస్తుంది. నాయిన బతిమాలిండు, ఇనలే.

అప్పుడు నాయిన నన్ను పక్కకు పిలిచి చెప్పిండు. “నువ్వు ఆటకు పిలిస్తే ఆయన కాదనడు. పొద్దుగూకేదాంక కూసోబెట్టు బిడ్డా, బయటికి పోనియ్యకు.”

చదరంగం పరిచిన. చాచా ఛత్రీ ఒళ్లె పెట్టుకొని కూసున్నడు, ఒక్క ఆటనే అని. నేను బట్టీ పట్టిన మొదటి ఎత్తు ఏసిన. రాజు ముంగటి బంటు, రెండు గళ్లు.

చాచా దాన్ని తీసి ఒక గడి ఎనక్కి పెట్టిండు.

“ఒక్క గడి, బిడ్డా. రెండు గళ్లు దుంకనీకె ఇది బంటా, కప్పనా?”

“పుస్తకంల రెండున్నయి, చాచా.”

“అది ఇంగ్లీషోళ్ల ఆట. వాళ్లకు అన్నిట్ల తొందరే.”

మన దేశీ ఆటల బంటుకు ఒకటే గడి అట. నాకేమెరుక? పది ఎత్తులు బట్టీ పడితే మొదటిదే చెల్లకపాయె. దాని ఎన్క తొమ్మిదీ వట్టిగనే పాయె. ఆయన తీరుగ ఆడితే చాయి సల్లారకముందే ఓడిపోత, ఛత్రీ లేస్తది. అందుకే నేను ఒప్పుకోలే. రెండు గళ్లే అని మొండికేసిన. ఆయన ఒకటే అంటడు. లొల్లి షురూ.

నాలుగిండ్లోళ్లు జమైండ్రు. సగం మంది ఒక గడి దిక్కు, సగం మంది రెండు గళ్ల దిక్కు. చదరంగం ముట్టని చాచి సుత పరదా ఎనక నుంచి రెండు గళ్లే అన్నది, మొగుని మీద. మా నాయినను తీర్పు చెప్పమంటే, పాపం ఆయనకు గుర్రమేదో ఏనుగేదో తెల్వదు, బాగ ఆలోచన చేసి ఒకటిన్నర అన్నడు. దాని మీద ఇంకో గంట లొల్లి. అన్నం తిన్నం, మళ్ల కూసున్నం. పొద్దుగూకింది. బయట రాజ్యం మారింది. మా వాకిట్ల బంటు కదలలే.

మూడొద్దులకు తొవ్వలు జెర నిమ్మళమైనంక చాచా, నాయిన కలిసి పోయొచ్చిండ్రు. ఒక కట్ట తడిసిందట, గంతే. ఆ సాయంత్రం చాచా తనే ఆట పరిచిండు. రాజు ముంగటి బంటును రెండు గళ్లు జరిపిండు. ఎన్క గుర్రం, ఎన్క ఇంకోటి, నేను బట్టీ పట్టిన తీరే, నాకన్న జల్ది.

“నీకొచ్చా, చాచా?”

“జిల్దు కట్టేటోణ్ణి. లోపల ఏమున్నదో చూడనా?”

“మరి ఆనాడు గంత లొల్లి ఎందుకు పెట్టినవ్?”

గోడ మొలకు ఏలాడుతున్న ఛత్రీ దిక్కు చూసిండు. “పోతనని అందరి ముందల అంటిని. అన్నోడు ఊకెనే ఎట్ల కూసుంటడు? నాకు సుత బయమైంది, బిడ్డా. మీ చాచికి చెప్పకు.”

చెప్పలే. ఇప్పుడు నీకే చెప్తున్న. ఆ... ఆ ఆట సుత ఓడిపోయిన, చాయి ఎచ్చగనే ఉండె.

అందుకే పట్టు, బిడ్డా, బట్టీ పట్టు. గెలుస్తవని కాదు. గని ఎదుటోళ్లు ఎట్ల ఆడుతరో, ఎందుకు కూసున్నరో అది సుత చూడు. పుస్తకంల అది రాయరు. నీ బంటు యాడ పెట్టినా సల్లగుండాలె, నువ్వు సల్లగుండాలె. ఆ పది ఎత్తులు నాకు ఇప్పటికీ యాదికున్నయి, చెప్పుమంటే చెప్త. రాజు ముంగటి బంటు రెండు గళ్లు, ఎన్క గుర్రం...

అవునే, నేను గోలీ ఏసుకున్ననా? జెర ఆ ఫోన్ల రికార్డు ఎనక్కి తిప్పి ఇను, బిడ్డా.