ఉపదేశి రాయప్ప మనవండ్లు

"అమ్మమ్మా, మన చర్చి చరిత్ర రాసేటప్పుడు ఊర్ల లొల్లయిందట గదా?"

ఎవలు జెప్పిన్రే నీకు? మీ అమ్మేనా? దానికేం దెలుసు, అప్పుడది ముక్కు తుడుసుకోరాని పిల్ల. కూసో, చెప్త. ఎనభైల్ల ముచ్చట. కాదు కాదు, ఇంక ముందే, మనింటికి కరెంటు రాలె. గుడి కట్టి యాభై ఏండ్లయితున్నయని కొత్త ఫాదర్ పండుగ పెట్టిండు. మంచోడే పాపం, గని ఊకుండడు. ఈ అడవిల మొదలు ఎవలుండె, ఎవల తాత ఏడికెల్లి వచ్చె అని ఇల్లిల్లు తిరిగి అడుగుడు.

మొదట్ల ఈడ ఉపదేశి రాయప్ప ఉండేటోడు. ఉపదేశంటె ఫాదర్ లేనప్పుడు జపాలు చెప్పేటోడు. పులి తిరిగే తొవ్వల చేతిగంట కొట్టుకుంట గూడెం గూడెం నడిచిండట. మేము పుట్టకముందే పోయిండు. పండుగనాడు ఆ గంట పట్టుకొని ఊరేగింపుకు ముందు నడిచేది రాయప్ప వారసులేనని ఫాదర్ ఆదివారం పూజల చెప్పిండు.

అంతే! సోమవారం తెల్లారేసరికి ఊరంత రాయప్ప మనవండ్లే.

మీ తాతకు ఆ గంట మీదనే పానం. ఆయన్ను ఎన్నడు ఎవలు ముందు నిలవెట్టలె పాపం, ఊరేగింపుల ఎనక పెట్రోమాక్స్ మోసుడే ఆయన పని. "ఒక్కసారి ముందు నడవాలెనే మరియా" అని నాతోని అంటడు. మీ తాతోళ్ళేమొ గుంటూరు దిక్కుకెల్లి వలసొచ్చినోళ్ళు బిడ్డా, రాయప్ప పోయినంక వచ్చిన్రు! అయినా మీ తాత ఫాదర్ కాడికి పోయిండు. గుడిల రాయప్ప ఫోటో కింద పక్కకు తిరిగి నిలవడి, "చూడున్రి ఫాదర్, అదే ముక్కు" అన్నడు. మా పక్కింటి శౌరయ్య ఊకుంటడా? తలకు సుట్టిన రుమాలు తీసి బట్టతల చూపిచ్చె. మా ఆడబిడ్డ మొగుడు చెవులు లాగి చూపిచ్చె. ఆయనదొక కథ, సత్తుపల్లిల ఎడ్లు కొనబోయి మేకతోని ఇంటికొచ్చిండు... సరె, అది ఇడిసిపెట్టు.

ఎవల్ని కాదనాల్నో తెల్వక ఫాదర్ తల పట్టుకున్నడు. రాయప్ప చెల్లె ఎర్రుపాలెం కాడ బతికే ఉన్నదని విని, పండుగకు పిలిపిచ్చిండు.

బస్సు దిగింది ముసలామె, నా చేతికర్రంత ఉంటది. మొగోళ్ళంత తెల్లబట్టలేసుకొని గుడి ముంగట నిలవడ్డరు. "అవ్వా, వీళ్ళల్ల మీ అన్న మనవండ్లెవరో చెప్పు" అన్నడు ఫాదర్.

"మా అన్నకు పెండ్లేడైంది ఫాదరూ? పిల్లనిస్తమని వచ్చినోళ్ళందరికి జపమాల నేర్పి పంపిండు!"

మీ తాత మొకం చూడాలె అప్పుడు! శౌరయ్య రుమాలు మొకం మీదికి గుంజుకున్నడు. నాకు నవ్వాగక కొంగు నోట్ల కుక్కుకున్న.

గంట కోసం వీళ్ళంత రాయప్ప మనవండ్లమని వచ్చిన్రని ఫాదర్ ఉన్నదున్నట్టు చెప్పేసిండు. ముసలామె ఒక్కొక్కల మొకం చూసుకుంట వచ్చి, మీ తాత గడ్డం పట్టుకొని బోరుమన్నది. "నేను పోతె మా అన్న పేరు తలిచేటోడే ఉండడని కుమిలిన గదరా అయ్యా. మా అన్నకు ఇంతమందా!" నవ్వినదాన్ని నేను గూడ ఏడ్చిన.

ఇగ గంట మీ తాత చేతుల పెట్టింది. "నువ్వు చింతచెట్టు దాంక పట్టు, తర్వాత నీ పక్కోనికియ్యి. కొట్లాడితె ఈపులు పగులుతయ్" అన్నది. మీ తాత ముందు నడిచిండు బిడ్డా! ఒక దిక్కు సిగ్గు, ఒక దిక్కు సంబురం, గంట గూడ సక్కగ కొట్టలేకపోయిండు.

అంత అయినంక అన్నం కాడ ఫాదర్ మెల్లగ అడిగిండు, "అవ్వా, మరి నేనేం రాయాలె?"

ఆమె కోడికాలు నములుకుంట, "మా అన్నకు పెండ్లి కాలెదని రాయి. మనవండ్లు మస్తుగున్నరని గూడ రాయి" అన్నది.

నువ్వు గూడ గట్లనే రాస్కో బిడ్డా. నీ కడుపు సల్లగుండ, నిన్ను తలిచేటోళ్ళు పదిమందుండాలె...