భోజనాల బల్ల మీది బోర్డు

సాయంత్రం. భోజనాల బల్లని ఎలక్ట్రీషియన్ తన పరీక్ష బోర్డుతో ఆక్రమించి నెల దాటింది. భార్యా, తల్లీ పళ్ళేలు ఒళ్ళో పెట్టుకుని తినడం అలవాటు చేసుకున్నారు గానీ, ఒప్పుకోలేదు.

"అది కాదండీ, నేనడిగేది ఒక్కటే. ఈ బల్ల మీద మళ్ళీ అన్నం ఎప్పుడు తింటాం?"

"ఆదివారం."

"పోయిన వారమూ ఆదివారమే అన్నారు."

"అది వేరే ఆదివారం. ఈ ఆదివారం పరీక్ష."

"వాడి నోట ఆదివారం తప్ప ఇంకో వారం రాదమ్మాయ్. పళ్ళెం ఒళ్ళో పెట్టుకుని తిని తిని, బట్టల మీద ఒలకని పూట లేదు నాకు."

"అమ్మా, నువ్వు కుర్చీలోనే తింటున్నావు కదా."

"కుర్చీలో కూర్చుంటే ఒడి మాయమవుతుందేంట్రా?"

"అత్తయ్యా, మీరుండండి. ఏమండీ, చేతిలో ఆ డబ్బా ఏంటి? కొత్తదా?"

"ఇంకో సాకెట్. పరీక్షలో పెట్టే బోర్డుకి మూడుంటాయట."

"మొన్న రెండన్నారు."

"మొన్న రెండే అనుకున్నా."

"నిన్న బల్బు హోల్డర్లు మార్చారు. అంతకుముందు చెక్కకి వార్నిష్ వేశారు. పరీక్ష కరెంటుకా, వార్నిష్‌కా?"

"పని నీటుగా ఉండాలి."

"నీటుగానే ఉంది. పెళ్ళికూతురిలా ఉంది."

"నన్ను పెళ్ళికూతుర్ని చేసినప్పుడు కూడా ఇంతసేపు పట్టలేదమ్మాయ్."

"ఒక్క నిమిషం... చీకటి పడింది, మర కనపడట్లేదు. బుజ్జీ, హాల్లో లైటు వెయ్యమ్మా."

"అది లోపల చదువుకుంటోంది. స్విచ్ మీ తల పక్కనే ఉంది."

"చేతిలో స్క్రూడ్రైవరుంది."

"రెండో చేతిలో?"

"...స్క్రూ."

"సరే, నేనే వేస్తాలెండి. ఇదిగో."

"వేశావుగా, ఎలాగూ లేచావు, ఓ పని చెయ్యి. వెనకాల మూత తీసి, ఏదో ఒక తీగ తప్పుగా పెట్టు. నేను అటు తిరుగుతా."

"మళ్ళీనా? పొద్దున్నే పెట్టాగా, ఇట్టే పట్టేశారు."

"ఇంకోటి పెట్టు."

"...అయింది. తిరగండి."

"మీటరివ్వు. ఇది బాగుంది. ఇదీ బాగుంది. ఇది... రెండో సాకెట్లో ఎర్త్ తీగ ఊడదీశావు."

"మూత తియ్యకుండా ఎలా చెప్పావురా?"

"ఈ కొస నుంచి ఆ కొసకి కొలిస్తే అదే చెప్తుందమ్మా. ఉండు, మళ్ళీ బిగిస్తా."

"ఇందులో మీకు వంక పెట్టేవాళ్ళు లేరు. కరెంటివ్వక ముందు చేసే పరీక్షలన్నీ మీకు కొట్టిన పిండి."

"అంతే కదా మరి."

"మిగతా సగం?"

"ఏ సగం?"

"కరెంటిచ్చాక చేసేది. ఎక్కడైనా లీకైతే బ్రేకరు ఎంత త్వరగా పడి కరెంటు ఆపుతుందో కొలవాలని మీరేగా చెప్పారు. నెల నుంచి చూస్తున్నా, ఈ బోర్డు ప్లగ్గు గోడకి ఒక్కసారీ పెట్టలేదు."

"పెడతా."

"ఎప్పుడు?"

"మూడో సాకెట్ అయ్యాక."

"ఆ తరవాత నాలుగోది."

"నాలుగోదెందుకుంటుంది?"

"మూడోది ఎందుకొచ్చిందో అందుకే."

"అమ్మాయ్, వాణ్ణి సతాయించకు. అసలే పరీక్ష ముందు."

"సతాయించడం కాదత్తయ్యా. టెస్టింగ్ పని మేస్త్రీ ఈయన కోసమే ఆపి ఉంచాడు. ఆదివారం పాసైతే ఈయనది. లేకపోతే వేరేవాళ్ళది. అప్పుడు మళ్ళీ నిచ్చెనలెక్కాలి. మీకిష్టమేనా?"

"నిచ్చెన మాట ఎత్తకు. ఆస్పత్రిలో ఆ కట్టు చూసిన దగ్గర్నుంచి..."

"అయిపోయిందాన్ని ఎందుకు తవ్వుతారు? నిచ్చెన మీద నా చెయ్యి తీగల్లో ఉంది, ఎవడో చూసుకోకుండా కింద మెయిన్ వేశాడు. అంతే. చెయ్యి మానింది. వదిలెయ్యండి."

"మానితే స్విచ్చులెందుకు వెయ్యట్లేదు?"

"ఏంటీ?"

"స్విచ్చులండీ. ఆస్పత్రి నుంచి వచ్చాక ఈ ఇంట్లో ఒక్క స్విచ్చయినా మీరు వేశారా? ఫ్యాను కావాలంటే బుజ్జిని పిలుస్తారు. లైటంటే నన్ను. ఫోను ఛార్జింగ్ పెట్టాలంటే అత్తయ్య చేతికిస్తారు."

"అవునమ్మాయ్. కళ్ళజోడు లేకపోతే నాకా కన్నమే కనపడదు. అయినా నాకే ఇస్తాడు. చేతులు మురికంటాడు."

"నిన్న స్నానాల గదిలో లైటు లేదు. నీళ్ళ చప్పుడు మాత్రం వినపడింది. చీకట్లో స్నానం చేస్తున్నారు మీరు."

"సబ్బు చేతికి దొరికితే చాలదా?"

"నన్ను నవ్వించకండి."

"నవ్వించట్లేదు."

"...సరే. ప్లగ్గు నేను పెడతా."

"వద్దు."

"మీరు కట్టిన బోర్డేగా. తప్పుందా ఇందులో?"

"లేదు."

"అన్నీ చూశారా?"

"చూశా. మళ్ళీ మళ్ళీ చూశా. నువ్వు తీసిన ఎర్త్ కూడా బిగించి కొలిచా. తప్పు లేదు."

"మరి నాకేం కాదు."

"...నేను గుమ్మం దగ్గర నుంచుని చెప్తా. చెప్పిందే చెయ్యి, ఎక్కువ తక్కువ వద్దు. ముందు చెప్పులేసుకో."

"నేల ఇప్పుడే తుడిచాన్రా."

"అమ్మా."

"సరే, వేసుకోనీ."

"వేసుకున్నా. చేతులూ తుడుచుకున్నా. అడక్కముందే చెప్తున్నా."

"బోర్డు మెయిన్ కిందకే ఉందా?"

"కిందకే ఉంది."

"అయితే ప్లగ్గు పెట్టు. ఇప్పుడు గోడ స్విచ్. వేశావా?"

"వేశా. ఎక్కడికెళ్తున్నారు?"

"ఇక్కడే ఉన్నా, వరండాలో. వినపడుతోంది."

"గుమ్మం దగ్గరే ఉంటానన్నారు."

"గుమ్మం సంగతి తరవాత. బోర్డు మెయిన్ పైకి ఎత్తు. బల్బులు వెలిగాయా?"

"రెండూ వెలిగాయి. ఎంత బాగున్నాయో, వచ్చి చూడండి."

"తరవాత చూస్తా. ఇప్పుడా మీటరు ప్లగ్గు మొదటి సాకెట్లో పెట్టు. పెట్టావా? బటన్ నొక్కు."

"ఏది, పసుపుదా?"

"పసుపుదే."

"నొక్కుతు... అమ్మో."

"పోయింది. ఇల్లంతా పోయింది. అమ్మాయ్, బాగానే ఉన్నావా?"

"బాగానే ఉన్నానత్తయ్యా. టప్‌మంది, అంతే."

"ఏం కాలేదు, ఏం కాలేదు. బోర్డుతో పాటు ఇంటి బ్రేకరు కూడా పడింది. రెండూ ఒకే రకం. నేను ముందే చెప్పుండాల్సింది. మీటరు మీద ఎంత చూపిస్తోంది?"

"ఇరవై ఎనిమిది."

"మిల్లీసెకన్లు, అంటే రెప్పపాటు కన్నా ముందే పడిపోయింది. బోర్డు బాగుంది."

"బాగుందనే నెల నుంచి నేనూ అంటున్నా. ఇక మీ వంతు."

"నాన్నా, కరెంటు పోయింది. నేను రాసుకుంటున్నా."

"ఇలా రా బుజ్జీ. గుమ్మం చూసుకుని రా."

"కొవ్వొత్తి ఎక్కడ పెట్టావమ్మాయ్?"

"కొవ్వొత్తెందుకత్తయ్యా, ఇంటి మెయిన్ ఎత్తితే వస్తుంది. వెళ్ళి వేసొస్తా."

"ఇప్పుడే వద్దు. కాసేపు కూర్చో. అమ్మా, నువ్వూ కూర్చో."

"చీకట్లోనా?"

"చీకట్లోనే. ఇల్లంతా ఎక్కడా కరెంటు లేదు. ఇప్పుడైతే చెప్పగలను."

"చెప్పండి."

"చెయ్యి స్విచ్ దాకా వెళ్తుంది. అక్కడ ఆగిపోతుంది, నాది కానట్టు. నెల నుంచి రోజూ చూశా. ఇవాళన్నా వెళ్తుందేమోనని."

"భయమైతే తగ్గుతుందిరా. ఎవరికి తగ్గలేదు?"

"ఆదివారం నేను పరీక్షకి వెళ్ళట్లేదమ్మా."

"అదేంట్రా, ఇంత చేసి."

"మేస్త్రీకి నిన్ననే చెప్పేశా, ఆ పని వేరేవాళ్ళకిచ్చుకోమని."

"నిన్ననా? నాతో ఒక్క మాట అనకుండానా?"

"నీతో అనడానికి మాట దొరక్కే మూడో సాకెట్ మొదలుపెట్టా."

"...మరి ఏం చేస్తారు?"

"ట్రైనింగ్ సెంటర్లో నేర్చుకునేవాళ్ళకి తప్పులు వెతకడానికి ఇలాంటి బోర్డులు కావాలట. చేసిస్తానని ఒప్పుకున్నా. సోమవారం నుంచి వెళ్తున్నా. తీగలు లాగడం, వాళ్ళడిగిన చోట తప్పు పెట్టడం, మూత బిగించడం. అంతవరకే నా పని. కరెంటు వాళ్ళిచ్చుకుంటారు."