పదిహేడు గుంతల యోగానంద్

కూర్చో మహేషూ. మా యోగానంద్ అన్న గీసిన పటం కావాలని మీ క్లబ్బోళ్లు పంపినారా? చెప్తా, తొందరపడాకు. గోల్ఫ్ అంటే ఏందో తెల్సునా నీకు? ఆడ పని చేస్తాండావు గానీ తెలీదులే, బడిలో గూడా నీకు ఒకటికి రెండుసార్లు చెప్పాల్సి వచ్చేది. ఇను. చిన్న తెల్లబంతిని కట్టెతో కొట్టుకుంటా పోయి, ఒగదాని తర్వాత ఒగటి పద్దెనిమిది గుంతల్లో ఎయ్యాల. ఆ గుంత యాడుండాల, గడ్డి యాడ పెంచాల, ఇసక యాడ పొయ్యాల, అదంతా ముందే కాగితం మీద గీసేటోడు మా అన్న. ఊటీలో, బెంగుళూరులో ఆయన పేరు చెప్తే పెద్దపెద్దోళ్లు లేచి నిలబడేవాళ్లు. మా అమ్మ మాత్రం, "గుంతలు తొవ్వేదానికి ఇంత సదువెందుకురా?" అనేది.

అట్లాంటోడు, సొంతూరు ఆళ్లగడ్డ పక్కనే క్లబ్బు పెడతాండారంటే సంబరంగా వచ్చినాడు. వానాకాలంలో వచ్చినాడు, అదీ తప్పు. ఎందుకో చెప్పు? తెలీదు గదా. సంక్రాంతి పండగప్పుడు మొదలయ్యే పారువేటకు అహోబిలం స్వామి పల్లకీలో ఊరూరా తిరిగి, నా పెండ్లికి రండి అని పిలుస్తాడు. ఆ తోవ ఏడాదికి ఒక్కతూరి తొక్కేది. వానలకు గడ్డి మొలిస్తే కనపడదు. సర్వే పటంలో వాగుంది, రోడ్డుంది, దేవుని తోవ లేదు. చిన్నప్పుడు ఆ పల్లకీ ముందర ఎగిరినోడే, పటం చూసి గీసినాడు.

అన్నీ అయి క్లబ్బు తెరిచిన దినమే పల్లకీ వచ్చింది. పద్దెనిమిదో గుంత పక్కన, ఆ పచ్చగడ్డి మీదనే దించినారు. ప్రెసిడెంటు తెల్లబూట్లతో ఉరికొచ్చి, "ఎంతసేపుంటారయ్యా?" అన్నాడు. పల్లకీ మోసే బోయ పెద్దాయన తుండుగుడ్డ దులుపుకోని, "పోయినేడాది యాడ దించినామో ఆడనే దించినాం అప్పా. నువ్వెప్పుడొచ్చినావు?" అన్నాడు. ఊరోళ్లు టెంకాయలు కొట్టినారు. ఆటకొచ్చినోళ్లు కట్టెలు పట్టుకోని నిలబడుకున్నారు. పూజారి వాళ్లకూ తీర్థమిచ్చినాడు.

పల్లకీ పోయినాక ప్రెసిడెంటు అన్నను పిలిచి, "వచ్చే ఏటికి ఈడ కంచె పడాల. పద్దెనిమిది లేకుంటే పోయేది మీ పేరే" అన్నాడు. అన్న మర్సటి పొద్దున పార తీసుకోని పోయి ఆ గుంతను తానే పూడ్చి, గడ్డి పెరికేసినాడు. వాళ్లు గేటుకాడి బేతంచెర్ల బండ మీద ఆయన పేరును ఉలితో చెక్కి తీసేసినారు. బెంగుళూరు దాకా పాకింది, పదిహేడు గుంతల యోగానంద్ అని. మళ్లా ఎవరూ పిలవలేదు. నంద్యాలలో ఇండ్లకు ప్లాన్లు గీసుకుంటా బతికి, పోయినాడు. ఇరవై ఏండ్లాయ. ఒగతూరి అడిగినా, "బాధ లేదా అన్నా?" అని. "లేకేం. పద్దెనిమిదోదే బాగా గీసినా" అన్నాడు.

ఇప్పుడు ఆ పటం ప్రకారం పద్దెనిమిదోది కడతారా? పల్లకీకి ఎనకపక్క తారురోడ్డు ఏస్తారా? అన్న పేరు బండ మీద మళ్లా చెక్కిస్తారా? బంగారు రంగుతోనా! ఉంది అబ్బీ, సంతకంతో సహా ఉంది. అదో, ఆ ట్రంకుపెట్టెలో. ఆ పేరు చూడాలని నాకు మాత్రం ఉండదా?

యాడికి లేస్తాండావు? కూర్చో. పెట్టె తెరిచేది లేదు. మజ్జిగ తెస్తా, తాగి పో.