ఒక్క ఇటుకా పగలగొట్టని ఇల్లు

టీకొట్టు అక్క వెనకవైపు రేకులు పీకించి ఇటుక గోడ పెట్టిస్తుందని తెలిసినప్పట్నుంచి మేస్త్రికి కాలు ఒకచోట నిలవడం లేదు. చాన్నాళ్లుగా చేతిలో పని లేదు. ఈ గోడ తనకే రావాలి. నోరు తెరిచి అడగాలంటే నామోషీ. అందుకని గ్లాసు పట్టుకుని బెంచీ మీద బాసింపట్టు వేసి, అక్కకి వినపడేలా మొదలెట్టాడు.

"అప్పుడెప్పుడో ఓ కోళ్లఫారానికి గోడ కట్టాన్లే. చిన్న గోడే. ఇంగ్లీషు బాండు పేర్పు. ఒక వరుస ఇటుకలు పొడుగ్గా, దాని మీద వరుస అడ్డంగా. అతుకు మీద అతుకు పడనిస్తానా? ఓ లారీ వెనక్కొస్తూ గుద్దేసింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"గోడ పడింది," అన్నాడు ఇటుకబట్టీలో పనిచేసే బావ.

"లారీ పడింది బావా! డ్రైవరు దిగొచ్చి గోడకి సారీ చెప్పాడు. అది విని ఓ ఆసామి ఇల్లే కట్టమన్నాడు. ఈసారి ఫ్లెమిష్ బాండు, ఒకే వరుసలో ఒకటి పొడుగు, ఒకటి అడ్డం. వరదొచ్చింది. నీళ్లు నా గోడ దాకా వచ్చి, అతుకులన్నీ తడిమి చూసుకుని, సందు దొరక్క పక్క వీధిలోంచి పోయాయి."

"పాపం," అంది అక్క, పాలు పొంగకుండా మంట తగ్గిస్తూ.

వింటోంది! మేస్త్రికి హుషారొచ్చింది.

"భూకంపం సంగతి చెప్పనేలేదు కదూ? ఇల్లు ఇల్లంతా గాల్లోకి లేచి, ఓ చుట్టు తిరిగి, మళ్లీ పునాది మీదే కూర్చుంది. లోపల పడుకున్న ఆసామి ముసలి తండ్రికి మెలకువ కూడా రాలేదు. కిటికీ పెట్టుకుందామని ఆసామి ఒక్క ఇటుక లాగబోతే, అది రాలేదు సరికదా, పక్కింటి గోడ కదిలొచ్చింది. ఇంకో సంగతి! ఆ ఇంటి మొత్తానికి నేను ఒక్క ఇటుకా పగలగొట్టలేదు. అన్నీ నిండు ఇటుకలే."

"మూలల్లో కూడానా?" అన్నాడు బావ నెమ్మదిగా.

"మూలల్లో ఎలా కుదురుతుంది?" మేస్త్రి గ్లాసు ఠక్కున కింద పెట్టాడు. "అడ్డ ఇటుక పక్కన నిలువునా చీల్చిన ముక్క పెట్టకపోతే పై అతుకు వచ్చి కింది అతుకు మీదే కూర్చుంటుంది. గోడ నిలువునా చీలిపోదూ? ఏ బుద్ధిలేనివాడు కడతాడలా?"

బెంచీ అంతా గొల్లుమంది. తానేమన్నాడో అప్పుడు అర్థమై మేస్త్రి చెవులు వేడెక్కాయి. ఇక పని పోయినట్టే అనుకున్నాడు.

అక్క నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుంది.

"రేపు పొద్దున్నే పనిలోకి వచ్చెయ్ తమ్ముడూ," అంది. "నీ నోరు ఎన్ని కోతలైనా కోస్తుంది గానీ, గోడ దగ్గర మాత్రం నీకు అబద్ధం చెప్పడం చేతకాదు."