చేతి అలవాటు

విశాఖపట్నంలో ఒక జైలు. మధ్యాహ్నం వేళ. ఖైదీలందరూ పనిషెడ్లకు వెళ్లారు. ఒంటిగది సెల్లులో మాత్రం ఇద్దరున్నారు: వార్డరు గంగాధరరావు, రేపు విడుదల కావలసిన తాళాల దొంగ నాగవంశీ. తలుపుకి బయటినుంచి తాళం పడి ఉంది.

“సార్, ఊచలు పట్టుకుని అలగ ఊపకండి. నా పరువు పోతాది.”

“నీ పరువేట్రా?”

“వచ్చిన కొత్తలో నానే ఊపలేదు సార్.”

“నోర్ముయ్. ఆడు నిజంగా తాళం ఏసీసి ఎల్లిపోనాడేట్రా?”

“మీ తోటి వార్డరు త్రినాథరావు గారేనా? టీకెల్నారు సార్. తలుపు లాగినారు, తాళం నొక్కినారు, రెండుసార్లు గుంజి సూసుకున్నారు, ఈల ఏసుకుంటా ఎల్లిపోనారు.”

“లోపల నానున్నానని తెలీదేటి ఆడికి?”

“ఆరు మిమ్మల్ని సూళ్లేదు సార్. తలుపుని సూసినారు. తెరిసున్న తలుపు కనబడితే మీవోళ్ల సెయ్యి ఆగదు కదా.”

“సోదాకి లోపలికెల్లినోడు తాళాలు బయటోడికిచ్చి ఎల్లాలి. అది రూలు. రూలు ప్రకారమే ఇచ్చినాను.”

“మంచి రూలే సార్. పెట్టినోడు ఎప్పుడూ ఇరుక్కోలేదు, అంతే.”

“కాదు, కావాలనే సేసుంటాడు. పొద్దున్న అందరి ముందరా దొంగోడా అన్నానని కక్ష.”

“ఏటి దొంగిలించినారు సార్?”

“తెలీనట్టు అడుగుతన్నావేటి? మా చిట్టమ్మ కేరేజీలో సేపల పులుసు పెట్టి పంపుతాది. నా బల్లమీద పెట్టుకుంటాను. తినబోయీసరికి ముక్కలుండవు, ఉట్టి పులుసుంటాది. నెల్లాళ్ల బట్టి ఇదే వరస.”

“పిల్లేమో సార్.”

“తినీసి మూతెట్టీసి, గిన్ని తుడిసీసి ఎల్లీ పిల్లేట్రా?”

“త్రినాథరావు గారు అలాంటోరు కాదు సార్. ఆరికి సేపల వాసనే పడదట.”

“పడదని సెప్పుకునీవోడే ముందు తింటాడు.”

“అప్పుడు మీరెక్కడుంటారు సార్?”

“బల్లకాడే.”

“మెలుకువతోనేనా?”

“కళ్లు మూసుకుని ఆలోసిస్తాను.”

“గట్టిగా ఆలోసిస్తారు సార్. గురక ఇక్కడిదాకా ఇనబడతాది.”

“ఎగతాళాట్రా? ఇప్పుడు జైలరు గారు రౌండుకొస్తారు. ఎల్లుండి నాకు హెడ్ వార్డరు ఆర్డరు. సెల్లులో దొరికినోడికి ఆర్డరిస్తారేటి?”

“అరవండి సార్, ఎవరో ఒకరొస్తారు.”

“ఎవరో ఒకరు కాదురా, జైలంతా వస్తాది. రిటైరయ్యీదాకా ఖైదీ గంగాధరరావంటారు. అవతల చిట్టమ్మ అప్పుడే హెడ్ వార్డరు గారి భార్యనని కొళాయికాడ లైన్లో ముందుకెల్లి నిలబడతంది.”

“అయ్యో. బిందె వెనక్కి తెచ్చుకోవాలంటే కష్టమే సార్. కూకోండి. అటు కాదు, ఆ మూల దోమలు.”

“ఒరే వంశీ.”

“సార్.”

“ఈ ఊచలు మార్సినారేట్రా? ఇంత లావేటి?”

“అయ్యే ఊచలు సార్. మీరెప్పుడూ ఇటునుంచి సూళ్లేదు.”

“గాలాడ్డం లేదురా.”

“ఆడతంది సార్. మొదటిరోజు ఆడనట్టుంటాది. ఆ గోడమీద మరక సూడండి. నాకు డాల్ఫిన్స్ నోస్ కొండ కనబడతాది. దాని కింద సముద్రం.”

“నాకేటీ కనబడ్డం లేదు.”

“ఇంకో ఏడాది ఉండండి సార్, ఓడలు కూడా కనబడతాయి.”

“ఛీ! నువ్వు తాళాల దొంగవి కదరా?”

“అవును సార్. కాదు సార్. మానీసినాను.”

“ఇది తియ్యగలవా, లేదా?”

“ఏటి సార్ ఆ మాట! రేపు ఇడుదల పెట్టుకుని తాళం ముట్టుకుంటానా? పారిపోబోయినాడని ఇంకో కేసు రాస్తారు. రేప్పొద్దున్న మాయమ్మ దేముడమ్మ గేటు బయట నిలబడుంటాది.”

“నాను ఎవరికీ సెప్పన్రా.”

“సెప్పననే అందరూ అంటారు సార్. ఆ మాట నమ్మీసే ఇక్కడికొచ్చినాను.”

“సింహాద్రప్పన్న మీద ఒట్టు. నీ మీద పైకి ఒక్క మాట సెప్పను. సాలా?”

“ఇయ్యాల్టి సంగతికేనా సార్?”

“ఎప్పటి సంగతైనా సరే!”

“ఆ ముక్క కూడా ఒట్టులో కలపండి సార్.”

“ఎప్పుడు ఏటి సేసినా సెప్పను, అప్పన్న సాక్షి! అదిగో, గేటు బెల్లు కొట్టినారు. వచ్చీసినాడురా జైలరు!”

“జరగండి సార్. కాస్త అటు తిరగండి, మొలతాడు కాడ పనుంది.”

“మొలతాడేట్రా... ఓరి నీ! పిన్నీసా? ఇప్పుడే కదరా గదంతా సోదా సేసినాను, బీడీ ముక్క కూడా దొరకలేదు!”

“ముల్లు తీసుకునీ పిన్నీసు సార్. అందరి మొలతాడుకీ ఉంటాది. మీకు లేదేటి?”

“ఉందనుకో.”

“అయిపోయింది సార్.”

“ఏటయిపోయింది?”

“తాళం. బయటికి నడవండి.”

“నువ్వింకా మొదలెట్టలేదనుకున్నాన్రా! మొహం ఇటు పెట్టి, సెయ్యి అటు పెట్టి, కనీసం సూడనైనా సూళ్లేదు.”

“సేతికి అలవాటు సార్. తలుపు లాగండి. తాళం నొక్కండి. రెండుసార్లు గుంజండి, మరిసిపోనారు.”

“ఆగరా. అలవాటేటి? ఈ తాళం ఇంతకుముందెప్పుడన్నా తీసినావేటి?”

“టోపీ సార్, టోపీ వంకరగా ఉంది. జైలరు గారొచ్చీత్తన్నారు.”

“తీసుంటే మరి పారిపోలేదేట్రా?”

“పెద్దగేటుకాడ తుపాకులుంటాయి సార్. మీ బల్లకాడ గురకే కదా.”

“నా బల్లకాడా?”

“ఒట్టు గుర్తుంచుకోండి సార్. ముందు త్రినాథరావు గారికి సారీ సెప్పీయండి. తర్వాత అమ్మగారికి ఓ మాట సెప్పండి: మొన్న బుధవారం కానాగంత సేపల పులుసులో ఉప్పెక్కువైపోనాది.”