వాసన రాని మందు

సంతకం పెట్టను సార్. పెన్ను ఇటు తోయకండి.

చదవడం రాక కాదండీ. మా గూడెంలో పదో తరగతి పాసైంది నేనొక్కదాన్నే. అందుకే కదా ఈ ఆరోగ్య కార్యకర్త పని నాకిచ్చారు! చదివాను కాబట్టే పెట్టనంటున్నా. "గిరిజనుల్లో పరిశుభ్రత లేకపోవడం, ముసలామె చేతులు కడుక్కోకుండా బిడ్డకి తినిపించడం వల్ల విరేచనాలై బిడ్డ మరణించినది." ఎవరండీ ఇది రాసింది? విచారణకొచ్చిన మీరు ఆమె చేతులు చూశారా?

చూడలేదు. జీపు దిగితే కదా!

ఇంకో తొమ్మిది మంది మంచాన పడ్డారు. వాళ్లందరికీ ఆమే ముద్దలు కలిపి పెట్టిందా ఏంటి?

ఆ ముసలామె మా పెద్దమ్మండీ. అమ్మ పోయాక నన్ను పెంచింది. పోయింది ఆమె మనవరాలు, మూడేళ్లది. ఎప్పుడూ సబ్బు పట్టుకుని తిరుగుతానని ఊరంతా నన్ను సబ్బక్క అంటారు. అదేమో "సబ్బత్త వచ్చింది" అని రెండు చేతులూ చాపేది. ఇరవై లెక్కపెట్టేదాకా తోమాలని నేర్పాను. దానికి పదమూడు రాదు. పన్నెండు అనగానే పధ్నాలుగులోకి దూకేసేది.

అబ్బ... ఒక్క నిమిషం సార్. ఆ మంచినీళ్లు ఇటివ్వండి.

మా వాళ్లు మొదట్నించీ కొండ మీది ఊట నీళ్లే తాగేవాళ్లు. ఎక్కి దిగడానికి ఒక పూట పడుతుంది. మీ వాళ్లు బావి తవ్వించాక, బ్లీచింగ్ మందు వేసిన నీళ్లే మంచివి, ఊటకి పోవద్దని ఇంటింటికీ తిరిగి చెప్పింది నేనే. అందరూ మానేశారు. పెద్దమ్మ మాత్రం మొండిఘటం. మందు వేసిన మర్నాడు బావి దగ్గరికొచ్చి, చేద పైకి లాగి వాసన చూసేది. ఘాటుగా ఉంటే బిందె నింపేది. లేకపోతే ఖాళీ బిందెతో కొండెక్కేది. నవ్వకండి సార్, మీ ల్యాబు వాళ్లు ఏడాదికోసారైనా రారు.

పోయిన నెల వానలకి మీ స్టోరు గది కారింది. బ్లీచింగ్ పౌడర్ బస్తా తడిసి గడ్డకట్టింది. మామూలుగా మూతి విప్పితే కళ్లు మండిపోవాలి, దగ్గు రావాలి. ఆ రోజు ఏమీ లేదు. గోడకి వేసే సున్నంలా ఉంది. స్టోరాయనకి చెప్పాను. "ఉన్నదేదో వేసేసి ఫోటో పెట్టమ్మా, కొత్తది వచ్చినప్పుడు చూద్దాం" అన్నాడు. వేశాను. బకెట్ పట్టుకుని నవ్వుతూ ఫోటో కూడా దిగాను. ఆ ఫైల్లోనే ఉంటుంది, తిప్పండి. ఆ, అదే.

అంతటితో ఆగితే స్టోరాయన మీదకి తోసేసి చేతులు దులుపుకునేదాన్ని. కానీ మర్నాడు పెద్దమ్మ వచ్చింది.

చేద లాగి వాసన చూసింది. మళ్లీ చూసింది. "వాసన రావట్లేదేంటే? నిజంగా వేశావా?" అంది, అందరూ వింటుండగా. చుట్టూ పది మంది ఆడవాళ్లు. నాకు తల కొట్టేసినట్టయింది. మందు పాడైందంటే రేపట్నించి నా మాట ఎవరు వింటారు? అందరూ మళ్లీ ఊట దారి పడతారు, మీరేమో నన్ను పిలిచి నిలదీస్తారు.

"ఇది కొత్త రకం పెద్దమ్మా, వాసన రాదు" అన్నాను.

నమ్మేసిందండీ. "చదువుకున్నదానివి, నీకు తెలీదా" అని బిందె నింపుకుని పోయింది. అదే నీళ్లు ఆ పిల్ల తాగింది.

నాలుగో రోజు పొద్దున్నే పిల్లకి మొదలైంది. ఉప్పూ పంచదారా కలిపి పట్టాను. నీళ్లు కాచాను లెండి, అప్పుడు మాత్రం బాగా కాచాను! మధ్యాహ్నానికి కళ్లు లోపలికి పోయాయి. భుజాన వేసుకుని పరిగెత్తాం. రోడ్డెక్కేలోపే అయిపోయింది.

ఇప్పుడు పెద్దమ్మ ఏం చేస్తోందో తెలుసా? మీ వాళ్లెవరో వచ్చి, నీ చేతుల వల్లే పోయిందని చెప్పారట. తెల్లారి లేస్తే చేతులు కడగడమే పని. చర్మం పగిలి నెత్తురొస్తోంది. సబ్బు దాచేస్తే బూడిదతో తోముకుంటోంది. నేను కనబడితే చాలు, రెండు చేతులూ చాపుతుంది, ఆ పిల్ల చాపినట్టే. "మురికి పోయిందేమో చూడవే" అంటుంది.

"పోయింది పెద్దమ్మా" అంటాను.

పెన్ను మూత పెట్టేశారేంటి? తీయండి. మందు పాడైందని తెలిసీ అబద్ధమాడింది ఆరోగ్య కార్యకర్త అని రాయండి. ముసలామె చేతులు శుభ్రంగా ఉన్నాయని కూడా రాయండి. ఉద్యోగం సంగతి నాకొదిలేయండి.

రాయరా? సరే, తెల్ల కాగితం ఒకటివ్వండి, నేనే రాస్తా.

పదకొండు రోజులైందండీ, ఆమెకి ఇంకా చెప్పలేదు. మీరు పరాయివాళ్లు, మీకైతే చెప్పగలనని ఇక్కడికొచ్చాను. ఇక్కణ్నించి తిన్నగా ఆమె దగ్గరికే వెళ్లాలి.